నివేదిక రాసేవాడి కుర్చీ

మా పెద్ద డాక్టరు పోయి చాలాకాలమైంది. నిండు సభలో ఆయన నన్నన్న మాట మాత్రం నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

అప్పుడు నేను మలేరియా యూనిట్లో కొత్త. బీయస్సీ జువాలజీ చదివి వచ్చిన మాకు మాచర్ల, వెల్దుర్తి ఊళ్ళల్లో జ్వరం వచ్చిన మనుషుల రక్తం గాజు పలక మీద తీసి పరీక్షించడం పని. నరసరావుపేటలో జరిగే మలేరియా పరిశోధకుల సదస్సుకు డాక్టర్లకే ప్రవేశం. ఆ ఏడు మాత్రం, రాలేకపోయిన తాలూకా డాక్టర్ల కోసం ప్రసంగాలు విని నివేదిక రాసిపెట్టే కుర్రవాళ్ళు కావాలన్నారు. ఊరికే చేయాలి, బత్తెం కూడా లేదు. అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. లోపలికి పోవడానికి నాకున్న దారి అదొక్కటే.

నా దగ్గర ఒక ప్రశ్న ఉంది. వెల్దుర్తిలో మా వాళ్ళు గోడలకు డీడీటీ కొట్టి వెళ్ళాక కూడా దోమలు ఆ గోడల మీదే హాయిగా వాలుతున్నాయి. ఒక ఇంట్లో ఒక పెద్దావిడ ఎర్రమట్టితో గోడ అలుకుతూ కనిపించింది. మందు మీద మట్టి ఎందుకు పూస్తున్నావని అడిగితే చెయ్యి ఆపకుండానే అంది:

“క్రిస్మస్ దగ్గరికొచ్చె. ఈ తెల్ల చారలతో ఇల్లు ఎట్టా పెట్టుకోమంటావయ్యా? మీ ఇంట్లో అయితే ఉంచుకుంటారా ఏంది?”

వీధి వీధంతా అట్లాగే అలికింది. మట్టి కింద పడ్డ మందు దోమకు తగలదు. మరి అలికిన గోడనూ అలకని గోడనూ విడివిడిగా చూశారా అని సదస్సులో పెద్దల్ని అడగాలి. నాకు కావలసింది అంతే.

సదస్సులో వేదిక పక్కన మూలకు వేసిన చిన్న బల్ల నాది. ఒకవైపు గోడ, ఇంకోవైపు డాక్టర్ల మోకాళ్ళు. నేను బయటికి రావాలంటే వరుసంతా లేవాలి. మంచినీళ్ళకు కూడా కదల్లేదు. ఢిల్లీ నుంచి వచ్చిన పరిశోధకుడు పల్నాటి దోమ డీడీటీకి లొంగడం మానేసిందని, మందు మార్చాలని తేల్చేశాడు. ప్రశ్నలున్నాయా అన్నారు. నేను లేచాను. అధ్యక్ష స్థానంలో ఉన్న మా పెద్ద డాక్టరు నవ్వాడు.

“నువ్వు రాసుకో నాయనా. నిన్ను కూర్చోబెట్టింది అందుకేగా.”

హాలంతా నవ్వింది. కూర్చున్నాను.

నివేదిక చివర ‘ప్రశ్నలు లేవు’ అని రాయమన్నారు. ‘ఒక ప్రశ్న ఉంది, అడగనివ్వలేదు’ అని రాశాను. గీత గీసి కొట్టేశారు. మళ్ళీ అదే రాశాను. మళ్ళీ కొట్టేశారు. చివరికి నాతో వచ్చిన కుర్రవాడి చేత రాయించుకున్నారు. అతను నా వైపు చూడకుండా రాసిచ్చాడు. అదీ గుర్తుంది.

మరుసటేడు మళ్ళీ కుర్రవాళ్ళు కావాలన్నారు. పోకపోతే ఆ గదిలోకి అడుగు పెట్టలేను. పోతే నోరు తెరవకూడదు. చెయ్యెత్తాను. అదే మూల, అదే బల్ల. వెల్దుర్తిలో అప్పటికి గోడలు మళ్ళీ అలికేశారు. ప్రశ్నలున్నాయా అన్నారు. లేచాను. పెద్ద డాక్టరు నా తల మీదుగా చూసి సభ ముగిసిందన్నాడు.

వరుస ఖాళీ అయ్యేదాకా నాకు బయటికి దారి లేదు. నిలబడే ఉన్నాను.