చెంప మీది వెలుతురు

ఎండలో కళ్లు చికిలించి చికిలించి జమ్మలమడుగు ఫొటోగ్రాఫరు దేవదానం ముఖం ఎప్పుడూ అలసిపోయినట్టే ఉంటుంది. వెలుతురు కొలిచే మీటరు మెడలో వేలాడుతుంటుంది. దాన్ని గోడకో, చీరకో, మనిషి చెంపకో దగ్గరగా పట్టి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగపడతాడు. పోయిన ఎన్నికలప్పుడు పోస్టరు ఫొటో తీస్తూ, ఫ్యాక్షన్ నాయకుడి దగ్గరికి పోవడానికి జంకి దూరం నుంచే కొలిచాడు. తెల్లచొక్కా మెరుపే ముల్లుకు అందింది. ఆ లెక్కన తీస్తే పోస్టర్లలో ముఖం నల్లగా పడింది. నాయకుడి మనుషులు స్టూడియో అద్దాలు పగలగొట్టారు. మళ్లీ అట్లా జరిగితే స్టూడియోనే మిగలదు. అందుకే ఈసారి ఎన్నికల ఫొటోకు మీటరును నేరుగా ఆయన చెంప దగ్గరికి తీసుకుపోయాడు. కాపలా ఉన్న కాటమయ్య అతని మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు.

“ఏందిరా అది? యాడ పెడ్తాండావు?”

“వెలుతురు కొలిచేది మామా. మొగం నల్లగొస్తే తన్నేది నువ్వే గదా.”

“ఇడ్సిపెట్టప్పా, కొల్సుకోనీ” అని నాయకుడు గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఆయన పేరు వింటే ఊళ్లకు ఊళ్లు తలుపులు వేసుకుంటాయి. ఇప్పుడు చెంప పక్కకు మీటరు వచ్చేసరికి ఆయన రెప్పలే అదురుతున్నాయి, పైపెదవి మీద చెమట పట్టింది.

“అయిపాయనా?”

ముల్లు ఎప్పుడో నిలిచింది.

“ఇంకా లేదు సామీ, కదలాకండి” అన్నాడు దేవదానం, చెయ్యి తీయకుండా.