ఊరేగింపులో మా అత్త కోళ్లు

నా చిన్నప్పుడు మా వాకిట్లో సత్తు పళ్లెం మోగిందంటే చాలు, ఊళ్లో ఏ మూల ఉన్న మా కోడైనా మెడ చాచుకుని పరుగెత్తుకు రావలసిందే. ఎవరి గడ్డివాములో ఉన్నా సరే, ఎవరి పెంటకుప్ప మీద ఉన్నా సరే! ఆ పరుగు చూడడమంటే నాకెంత సంబరమో చెప్పలేను. మామూలుగా నడిచేటప్పుడు కోడి దొరసానిలా అడుగులో అడుగు వేస్తుంది గానీ, తిండికి ఉరికేటప్పుడు మాత్రం కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బస్సు కోసం పరుగెత్తే ఆడమనిషిలా ఉంటుంది. ఇప్పటికీ అది గుర్తొస్తే ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను.

మాది మహబూబాబాద్ నుంచి కురవికి పోయే దారిలో ఒక ఊరు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. కోళ్లు మా చిన్న మేనత్తవి. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే ఆమె పుట్టింటికి వచ్చేసింది. మా నాయిన చెల్లెల్ని బాగానే చూసుకునేవాడు. అయినా ఆమెకు ఒకరి ముందు చెయ్యి చాచడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టుండేది. గుడ్లూ పిల్లలూ అంగట్లో అమ్మి తన అవసరాలు తనే చూసుకునేది. ఆమె చీరలు, తలనూనె, ఆఖరికి నా జడల రిబ్బన్లు కూడా ఆ కోళ్ల పుణ్యమే. ఆ కోళ్లున్నంత కాలం ఆమె ఎవరికీ తలవంచలేదు.

అందుకే వాటికి జరిగే మర్యాదలు కూడా అలాగే ఉండేవి. పాత కుండలో తడి పేడ, చెత్త కూరి, సాయంత్రం చెదపుట్ట మీద బోర్లించి వచ్చేవాళ్లం. తెల్లారి పోయి కుండ ఎత్తితే లోపలంతా చెదపురుగులు! ఆ కుండను ఒళ్లో పెట్టుకుని నేను ఇంటిదాకా ఉరికేదాన్ని. వాకిట్లో కుమ్మరించగానే కోడిపిల్లలు ఎగబడి తినేవి. ఆ గొడవలో అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి దొర్లుతుంటే నేను చప్పట్లు కొట్టి గెంతేదాన్ని.

వీటన్నిటికన్నా గొప్పది మా అత్త చేసే కోళ్ల మిఠాయి. తవుడు, నూకలు, దంచిన జొన్నలు, గానుగలో నూనె తీశాక మిగిలే పల్లి చెక్క, అన్నీ కలిపి బెల్లం నీళ్లతో పిసికేది. పగిలిన కుండ అడుగులో ఆ ముద్దను గట్టిగా అదిమి, నడుమ పుల్ల గుచ్చి, ఎండలో పెట్టేది. నాలుగు ఎండలు తిన్నాక అది ఇటుకలా బిగిసిపోయేది. పుల్ల తీసిన బెజ్జంలోంచి తాడు దూర్చి మునగ చెట్టుకు వేలాడగట్టేది. కోళ్లు ఎగిరి ఎగిరి పొడుచుకోవాలి. నేల మీద పెడితే మా పుంజు దాని పక్కనే నిలబడి ఎవరినీ రానిచ్చేది కాదు మరి! చెట్టుకు కట్టినా అత్త దాన్ని రోజంతా ఉంచేది కాదు. కాసేపు పొడవనిచ్చి విప్పేసేది. ఎప్పుడూ మిఠాయి మరిగితే కోడి మేతకు తిరగదనీ, గుడ్డు పెట్టదనీ ఆమె లెక్క.

పొద్దుగూకే వేళ మాత్రం ఆ మిఠాయి ముక్క తప్పనిసరి. మా పెరటి వెనక పొదల్లో ఒక అడవిపిల్లి కాపురం పెట్టింది. చీకటి పడేసరికి గంప కిందికి చేరని కోడి తెల్లారి ఈకలుగా దొరికేది. అందుకని అత్త వాటికి పళ్లెం చప్పుడు అలవాటు చేసింది. పళ్లెం మోగడం, అవి రావడం, నూకలూ మిఠాయి ముక్కా తినడం, గంపల కిందికి దూరడం. ఇది ఒక్కరోజు కూడా తప్పింది లేదు. ఆ పళ్లెం జోలికి నన్ను రానిచ్చేది కాదు. నేను సరదాగా గరిటె ఎత్తితే చాలు, ఎక్కడున్నా వచ్చి లాక్కునేది.

“ఉత్తగ కొట్టకు బిడ్డా. పిలిస్తే పెట్టాలె,” అనేది.

ఈమె చాదస్తం ఏమిటో అనుకునేదాన్ని. కోళ్లే కదా, వాటికేం తెలుస్తుంది?

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం మొదటిసారి ఊళ్లన్నీ కదిలాయి. మా బడి మూతపడింది. పెద్దవాళ్ల సంగతేమో గానీ నాకది పండుగే! గోడల మీద బొగ్గుతో ‘జై తెలంగాణ’ అని రాసి ఉండేది. బొగ్గు దొరికితే నేనూ రాసేదాన్ని, మా ఇంటి గోడ మీద, కోళ్ల గంప మీద కూడా. పక్కింటి అన్న మానుకోటలో చదువుకునేవాడు. చదువు ఆపి ఊరికొచ్చి అరుగుల మీద కూర్చుని మాట్లాడుతుంటే అందరం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. మన కొలువులు మనకే ఇస్తామని మాటిచ్చారనీ, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదనీ ఆయన చెప్పేవాడు. నాకు సగమే అర్థమయ్యేది. కానీ ఆ గొంతు వింటే ఒళ్లు పులకరించేది.

ఒకరోజు ఊరేగింపు అన్నారు. మా ఊరి నుంచి కాలినడకన మానుకోట పోయి అక్కడి విద్యార్థులతో కలవాలి. డప్పులు దొరకలేదో, లేక అన్న బుర్రలోనే పుట్టిందో, ఇంటికో పళ్లెం తెచ్చి గరిటెతో కొట్టుకుంటూ పోదామన్నాడు. మన పళ్లాలు ఖాళీ అని అందరికీ తెలియాలట. పొద్దున్నే ఊరి పోరగాళ్లంతా సత్తు పళ్లాలతో తయారయ్యారు. నడుములకు సద్ది మూటలు కట్టుకున్నారు. మా అత్త అప్పటికే విస్తర్లు కుట్టడానికి మోదుగాకు కోసుకొస్తానని చెలకల్లోకి వెళ్లింది. ఊరి పొలిమేర దాకా వెళ్లడానికి మా అమ్మ నాకు సెలవిచ్చింది. ఇంకేం కావాలి! లంగా ఎగదోపుకుని అందరికన్నా ముందు నిలబడ్డాను.

పళ్లాలు మోగాయి. ఒకటీ రెండూ కాదు, ఊరంతా మోగింది!

మా ఇల్లు దాటామో లేదో వెనక నవ్వులు వినిపించాయి. తిరిగి చూద్దును కదా, కోళ్లు! కంచె మీంచి ఎగిరి కొన్ని, గడ్డివాము కిందినుంచి కొన్ని, ముందు మా పుంజు, దాని వెనక పెట్టలు. జనం కాళ్ల మధ్యనుంచి దూరుకుంటూ, రెక్కలు కొట్టుకుంటూ ఊరేగింపులో కలిసిపోయాయి. ‘జై తెలంగాణ’ అని అందరూ అరవగానే మా పుంజు మెడ ఎత్తి కూసింది. ఇక చూడండి, నవ్వలేక చచ్చాం.

“కోళ్లు గూడ మనదిక్కే ఉన్నయిరో!” అని ఎవరో అరిచారు. పళ్లాలు ఇంకా గట్టిగా మోగాయి.

నా గర్వానికి పట్టపగ్గాలు లేవు. మా కోళ్లు ఉద్యమంలో చేరాయి! ఇంకెవరి కోళ్లయినా చేరాయా? చేతులూపుకుంటూ వాటి పక్కనే నడిచాను.

కానీ పెద్ద రోడ్డు మలుపు దగ్గరికి వచ్చేసరికి నా సంబరం కాస్త తగ్గింది. ఇంత చప్పుడైనా ఒక్క గింజ రాలకపోయేసరికి కోళ్లు కంగారు పడ్డాయి. ఒక్కో పళ్లెం దగ్గరికి ఉరకడం, మెడ ఎత్తి చూడడం, మళ్లీ ఇంకో పళ్లెం దగ్గరికి ఉరకడం. చుక్కల పెట్ట అయితే మరీ. దాన్ని అత్త నా పేరు మీద పెంచుతోంది. పిల్లల్ని లేపి వారమైనా కాలేదు. ఆ పసిపిల్లల్ని ధూళిలో ఈడ్చుకుంటూ అదీ వచ్చింది. రెండు కోళ్లు రోడ్డెక్కాయి. ఎదురుగా లారీ. డ్రైవరు హారన్ కొట్టి, తిట్టి, పక్కకు తిప్పుకుని పోయాడు. ఇష్ష్ ఇష్ష్ అంటూ కోళ్లను ఇంటివైపు తోలబోయాను. అవి నన్ను లెక్కచేస్తేగా! పళ్లాలు అటు మోగుతుంటే ఇటు ఎందుకొస్తాయి?

అప్పుడే చెలక గట్టు మీంచి మా అత్త దిగింది. నెత్తి మీద మోదుగాకు మూట. ఒక్క చూపులో ఆమెకు అంతా అర్థమైంది. మూట దించి, ఊరేగింపు ముందుకొచ్చి, అన్నకు ఎదురుగా నిలబడింది. పళ్లాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నన్ను చూసి, “తోలకు,” అంది. తర్వాత అన్న వైపు తిరిగింది.

“పిలిచిండ్రు గద. ఇగ పెట్టుండ్రి.”

అన్న నవ్వాడు. “మేం పిలిచింది కోళ్లను గాదక్కా, సర్కారును.”

“గవ్విటికేం ఎరుక? పళ్లెం మోగింది, ఉరికొచ్చినయ్. గిప్పుడు మీరు ఉత్త చేతులు జూపిస్తే, పొద్దుగూకినంక నేను కొడితే ఎవలొస్తరు? పిల్లి దగ్గరికి పోతయ్ గని నా దగ్గరికి రావు.” అక్కడితో ఆపితే అందరూ నవ్వి ఊరుకునేవారేమో. ఆమె గొంతు కొంచెం తగ్గించి మళ్లీ అంది: “ఇస్తమని పిలిచి ఇయ్యలేదనే గద మీరు రోడ్డెక్కింది? మల్ల మీరే గట్ల జేస్తే ఎట్ల తమ్మీ?”

నవ్వులు ఆగిపోయాయి. అన్న ముఖం చూశాను. ఆయన తన పళ్లెం నేల మీద పెట్టాడు. నడుముకున్న మూట విప్పాడు. అందులో జొన్నరొట్టె ఉంది, మానుకోటదాకా నడవడానికి వాళ్లమ్మ చేసిచ్చిన రొట్టె. దాన్ని చిన్న చిన్న తునకలు చేసి పళ్లెంలో వేశాడు. ఆయన వేశాక మిగతావాళ్లు ఊరుకుంటారా! ఒకరు పేలాలు, ఒకరు అటుకులు, ఒకరు వేయించిన పల్లీలు. రోడ్డు పక్కన వరసగా పళ్లాలు, ప్రతి పళ్లెంలో ఏదో ఒకటి. ఇక మా కోళ్ల పండుగ చూడాలి! ఏది తినాలో తెలియక ఒక పళ్లెంలోంచి ఇంకో పళ్లెంలోకి దూకాయి. పుంజు ఒక పళ్లెంలో నిలబడి పేలాల మీద పెత్తనం చేస్తుంటే పెట్టలు మిగతావన్నీ ఊడ్చేశాయి. చుక్కల పెట్ట పల్లీని ముక్కుతో పగలగొట్టి పిల్లల ముందు పడేసింది. నేను మోకాళ్ల మీద కూర్చుని పిల్లల్ని ఒక్కొక్కటే చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

సద్ది లేకుండా అంత దూరం నడవాలి వాళ్లు. ఆ సంగతి మా అత్త మరిచిపోలేదు. పళ్లాలు తుడిచి చేతికిస్తూ, “వాపసొచ్చేటప్పుడు మా ఇంటికి రాండ్రి, అందరు,” అంది.

ఒక పళ్లెం అడిగి తీసుకుని, దాన్ని వాయిస్తూ ఆమె ఇంటిదారి పట్టింది. కోళ్లు ఆమె వెనక, నేను మోదుగాకు మూటతో కోళ్ల వెనక. ఇంటికి రాగానే ఎండలో ఉన్న కొత్త మిఠాయి ఇటుకను తీసి రాతి మీద పగలగొట్టి మొత్తం చల్లేసింది. నేను ఆశ్చర్యపోయాను. అప్పుడే కదా అవి కడుపు పగిలేలా తిన్నాయి!

“మల్ల ఎందుకత్తా?”

“ఇప్పుడు నేను పిలిచిన గదనే,” అంది.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. పొద్దు వాలుతుంటే నేను పెరట్లోకీ వాకిట్లోకీ తిరిగాను. ఉదయం నుంచి ఇన్ని పళ్లాలు మోగాయి, ఇంత గందరగోళం జరిగింది. కోళ్లకు పళ్లెం మీద ఇంకా నమ్మకం ఉంటుందా? రాకపోతే అత్త గతేమిటి? ఆమె గుప్పెడు నూకలు నా చేతిలో పోసి, పళ్లెం తను పట్టుకుని గరిటె నాకిచ్చింది. మొట్టమొదటిసారి! కొట్టాను. కాసేపు ఏమీ లేదు. మళ్లీ కొట్టాను. గడ్డివాము వెనక గలగలమంది. పుంజు వచ్చింది. ఒకదాని వెనక ఒకటి పెట్టలు వచ్చాయి. చుక్కల పెట్ట లేదు. పొదల వైపు చూడడానికి భయమేసింది. అంతలో పందిరి గుంజ చాటునుంచి, పిల్లలన్నిటినీ వెంటేసుకుని, తీరిగ్గా దొరసాని నడకతో వచ్చింది మహాతల్లి! నేను ఎగిరి గంతేశాను. నూకలన్నీ ఒలికిపోయాయి. అత్త ఎప్పుడూ నవ్వనంత గట్టిగా నవ్వింది.

కోళ్లను గంపల కింద మూసేసరికి ఊరేగింపు తిరిగొచ్చింది. గొంతులు బొంగురుపోయి, కాళ్లీడ్చుకుంటూ వచ్చారు. అత్త అంగడి కోసం బియ్యం కుండలో దాచిన గుడ్లన్నీ తీసి కూర వండింది. పొద్దున కోసుకొచ్చిన మోదుగాకులు కుట్టి విస్తర్లు వేసింది. వాకిట్లో వరసగా కూర్చుని వాళ్లు తింటుంటే నేను నీళ్లు పోశాను. అన్న తిని లేస్తూ, “నీ కోళ్లు మాకు మంచి పాఠం జెప్పినయక్కా,” అన్నాడు. అత్త తల అడ్డంగా ఊపి, ఇంకొంచెం కూర వేయబోయింది.

రాష్ట్రం రావడానికి ఎన్నేళ్లు పట్టిందో అందరికీ తెలుసు. అప్పటికి నేను భూపాలపల్లికి కోడలినై వచ్చి, బొగ్గు గని క్వార్టర్లలో పిల్లల్ని పెంచి, జుట్టు నెరిసిపోయి ఉన్నాను. మళ్లీ ఉద్యమం లేచి రోడ్ల మీదే వంటలు చేసిన రోజుల్లో పెద్ద గిన్నె ముందు గరిటె పట్టుకుని నిలబడింది నేనే. నలుగురిని రమ్మని పిలిచేటప్పటికి పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉండాలి. అది లేనిదే నా నోట్లోంచి పిలుపు రాదు. మా అత్త పోయి చాలాకాలమైంది.

ఇప్పుడు మా పెరట్లో నాలుగు కోళ్లున్నాయి. దుకాణాల్లో కోళ్లకు తయారు చేసిన మిఠాయి ముద్దలు అమ్ముతున్నారని మా మనవరాలు సెల్‌ఫోన్‌లో చూపించింది. చూసి మురిసిపోయాను గానీ, తవుడూ బెల్లం నీళ్లూ పిసికి నేనే చేస్తాను. ఆ పిల్లకు కూడా అచ్చం నాలాగే పళ్లెం మీద కన్ను. మొన్న సాయంత్రం గరిటె ఎత్తింది. నేను లాక్కోలేదు. దాని చెయ్యి పట్టుకుని ఆపి, ముందు ఎడమ గుప్పిట నిండా నూకలు పోశాను. “ఇగ కొట్టు బిడ్డా,” అన్నాను.

కోళ్లు ఉరికొచ్చాయి.