వరండాలో చెప్పిన జాగ్రత్తలు

అత్తయ్యకు నేనంటే గిట్టదు. నాకూ ఆవిడంటే గిట్టదు. అయినా గుంటూరు ఆస్పత్రిలో, క్యాన్సర్ వార్డులో, ఆవిడ మంచం పక్కన చాప వేసుకుని పడున్నది నేనే. కన్నకొడుకు, అంటే మా ఆయన, రెండు రోజులకోసారి సత్తెనపల్లి బస్సు దిగేవాడు. వరండాలో కాసేపు నిలబడి, కల్లంలో మిరపకాయలున్నాయని వెళ్ళిపోయేవాడు.

రెండో విడత మందు ఎక్కించిన రోజు నర్సమ్మ వచ్చి, "మగవాళ్ళెవరైనా ఉన్నారా? కొన్ని జాగ్రత్తలు చెప్పాలి" అంది. నేను ఎదురుగానే ఉన్నాను. నన్ను దాటుకుని వెళ్ళి, ఆ రోజు వచ్చి వరండాలో నిలబడ్డ మా ఆయనకు చెప్పింది. ఆయన బుద్ధిమంతుడిలా తలాడించాడు. ఏం చెప్పిందని అడిగితే, "ఏముందీ, జాగర్తగా చూసుకోమంది" అని బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున నేను కిటికీ దగ్గర అత్తయ్య చీర ఆరేస్తున్నాను. నాలుగడుగుల దూరం. నన్ను పిలవడం ఆవిడకు నామోషీ. తనంతట తనే బాత్రూముకని గబుక్కున లేచింది, కళ్ళు తిరిగి పడిపోయింది. మణికట్టు విరిగింది, నుదుటికి కుట్లు పడ్డాయి. మూడో విడత మందు ఇప్పట్లో ఇవ్వలేమని, ఆలస్యమైతే గడ్డ మళ్ళీ పెరగొచ్చని డాక్టరుగారు అన్నారు.

ఫోన్ చేయిస్తే సాయంత్రానికి అందరూ దిగారు. "పక్కనే ఉండి గుడ్లప్పగించి చూశావా?" అంది ఆడపడుచు. కట్టు చూడ్డానికి వచ్చిన నర్సమ్మ కూడా నామీదే విసుక్కుంది.

"ఒక్కసారిగా లేవనివ్వొద్దని చెప్పాను కదమ్మా. కాళ్ళు కిందికి వేసి కాసేపు కూర్చోవాలి. చెయ్యి పట్టుకునే మనిషి వచ్చేదాకా లేవకూడదు. తడి నేల మీద అడుగు పెట్టకూడదు."

"ఎవరికి చెప్పారండి?"

ఆవిడ మా ఆయన్ని చూపించింది. ఆయన చెప్పుల వంక చూసుకున్నాడు. ఆ మనిషిని చూస్తే నాకు అసహ్యం వేసింది. నర్సమ్మను చూసినా అంతే. వాంతులు ఎత్తిపోసేది నేను, జాగ్రత్తలు మాత్రం మీసమున్నవాడికి.

"మళ్ళీ చెప్పండి. ఈసారి నాకు చెప్పండి. ఆవిడకూ చెప్పండి, పడేది ఆవిడ" అన్నాను.

నర్సమ్మ మొహం మాడ్చుకుంది కానీ, మొత్తం మళ్ళీ చెప్పింది. అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది. వింటోందో లేదో తెలియలేదు.

మర్నాడు బాత్రూముకని కదిలింది. మా ఆయన చెయ్యి అందించబోయాడు.

"నువ్వు జరగరా. దాన్ని పిలువు" అంది.

నేను పంపు దగ్గర గ్లాసు కడుగుతున్నాను. వినపడింది. అయినా కావాలనే ఆ గ్లాసును రెండోసారి కడిగాను. తిరిగి చూస్తే ఆవిడ లేవలేదు. మంచం అంచున కాళ్ళు కిందికి వేసుకుని, నాకోసం కూర్చునే ఉంది.