ముగింపు చెప్పని పుస్తకాలు

తమిళనాడు అంచున ఉన్న ఈ హోసూరులో చలికాలం పొద్దు బాగా ఎక్కినా మంచు వదలదు. మా వారికి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, గోదావరి పక్క నుంచి మేం వచ్చిన కొత్తలో మిద్దె మీద కూర్చుని ఆ మంచులోకే చూస్తుండేదాన్ని. ఎదురింటి గోడ ఉండేది కాదు, వీధి ఉండేది కాదు. నేనూ, ఒళ్లో పుస్తకమూ మాత్రం ఉండేవాళ్లం. హాయిగానే ఉండేది కానీ, చదివింది చెప్పుకోవడానికి మనిషి లేకపోతే నాకు తిన్నది అరగదు. మా వారికి చెబుదామా అంటే రెండో మాటకే గురక. చదివి నాతో పోట్లాడే మనిషి ఒక్కరు దొరికితే ఈ ఊళ్లో బతికేస్తాను, లేకపోతే సామాను సర్దండి వెళ్లిపోదాం అని ఆయన్ని రోజూ సతాయించేదాన్ని.

అలాంటి రోజుల్లో కింది వాటాలో ఉండే ఇంటావిడ మిరపకాయలు ఎండబెట్టడానికి పైకి వచ్చింది. తరతరాలుగా ఇక్కడివాళ్లు. ఊరి బయట గులాబీ తోట ఉంది. నా ఒళ్లోకి చూసి, "దినామూ ఏమి చదువుతావమ్మా? బాగుండాదా?" అంది.

తెలుగు! అదీ పుస్తకం గురించి! నా ప్రాణం లేచొచ్చింది. "చాలా బాగుందండి పిన్నిగారూ, మీరూ చదవాలండి!"

"ఆ అండీలూ గారూలూ పక్కన పెట్టి చెప్పమ్మా," అని నవ్వి, మిరపకాయల పక్కనే చతికిలబడింది.

పుస్తకం గురించి చెప్పడంలో నాకొక పంతం ఉంది. ఊరించి ఊరించి చెబుతాను, ముగింపు దగ్గర మాత్రం నోరు కుట్టేసుకుంటాను. "మిగతాది చదువుకోండి పిన్నీ" అని పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. దయ్యాల కథలు అవి. మంచు పట్టిన పొద్దున చదివితేనే మజా అని చెప్పి మరీ ఇచ్చాను. తరవాత నక్షత్రాల పుస్తకం. చచ్చిపోయిన చుక్క వెలుగు కూడా ఇంకా మన మిద్దె మీద పడుతూ ఉండొచ్చట అంటే, ఆమె అరచెయ్యి చాపి అందులోకి చూసుకుంది. కాలినడకన కొండలు దాటినాయన యాత్ర చెబితే, ఇక్కడి జవళగిరి అడవిలో పోయినట్టే ఉందంది. ఊరగాయల పుస్తకం చూపించినప్పుడు మాత్రం, "ఉప్పెంత వెయ్యాలో పుస్తకం చూసేదా! బాగుండాది సంబడం" అని బుగ్గలు నొక్కుకుంది. అయినా తీసుకునే వెళ్లింది.

ప్రతి పుస్తకమూ కొన్నాళ్లకు కొంగులో చుట్టుకుని తెచ్చి ఇచ్చేది. ఏం నచ్చిందంటే నాకు గుర్తే లేని సంగతులు చెప్పేది. దయ్యం పగ తీర్చుకోవడానికి రాలేదట, పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని వచ్చిందట. అలా లేదు పిన్నీ అంటే, ఉండాదమ్మా అనేది. మిరపకాయలు ఎండి గలగలలాడేదాకా వాదించుకునేవాళ్లం. నేనే సరిగ్గా చదవలేదేమో అనుకునేదాన్ని. సామాను సర్దుకునే మాట నెమ్మదిగా నా నోట రావడం తగ్గింది. మంచు కూడా ముద్దుగా కనిపించసాగింది.

పడవెక్కి ఊరు వదిలిన ఒక పిల్ల నవల ఇచ్చిన వారం, తోట చూద్దువు రమ్మంటే వెళ్లాను. షెడ్డులో ఆడవాళ్లు గులాబీలకు ముళ్లు తీసి కట్టలు కడుతున్నారు. వాళ్ల మధ్య కూర్చుని ఆమె కథ చెబుతోంది. అంతకుముందు నేనిచ్చిన హత్య నవలే అది. చేతులు పని చేస్తున్నాయి, కళ్లన్నీ ఎక్కడో ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడిపోయాను.

"చంపినది ఎవరనుకుంటిరి? ఆ డాక్టరే!" అంది.

నాకు ఆగుతుందా? "అయ్యో పిన్నీ, చివరి పేజీలు ఎగ్గొట్టారా? చంపింది వంటావిడ కదా!"

అందరూ నా వైపు చూశారు. కట్ట కడుతున్న ఒకామె పకపకా నవ్వి, "ఆమెకి తెలుగు చదివేకి యాడ వస్తాదమ్మా? మేము మాట్లాడేది తెలుగు, బడి తమిళం. ఈడ ఎవరికీ ఆ అక్షరాలు రావు" అంది.

నా ఒళ్లు భగ్గుమంది. ఇన్నాళ్లూ గోడకు చెప్పుకున్నానా! గిరుక్కున తిరిగి గులాబీ సాళ్ల మధ్య పడి నడిచాను. ఎటు చూసినా మంచే. వెనక నుంచి మాట మాత్రం వచ్చింది. "నిలబడమ్మా! నిలబడు!"

ఆయాసపడుతూ వచ్చింది.

"ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది పిన్నీ? చదివే మనిషి దొరికిందని నేనెంత..."

"చెప్పుంటే నువ్వు పుస్తకం ఇచ్చేది నిలిపేసుందువు. అప్పుడు నాకి కథ చెప్పేదెవరు? నేను పుస్తకం కోసరం వచ్చినానా? నువ్వు చెప్పేది వినేకి వచ్చినాను."

"మరి ఆ ముగింపులు?"

"నువ్వు చెప్పకపోతివి కదా! ఏమి చేసేది? పూలు కోస్తా కోస్తా నేనే అనుకొంటిని. వారమంతా అదే యోచన."

అంటే పాల కోసం వచ్చిన ఆ దయ్యం ఏ పుస్తకంలోనూ లేదు. నేను ఎండలో కూర్చుని పోట్లాడింది ఈమె కథలతోనే. కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఆ పడవ పిల్ల ఏమైంది మరి?" అన్నాను.

"ఆ పిల్ల పరాయి ఊర్లో దిగుతాది. బోర్డులు చదివేకి రాదు. నిలబడి ఏడుస్తాది. ఆడ ఒకామె బస్సు పేరు చదివి చెప్తాది."

"పడవ కథలో బస్సెక్కడిది పిన్నీ?"

"నా కథలో ఉండాది, సుమ్నే, మాట్లాడక విను. ఇద్దరూ మిద్దె మీద కూర్చొని మాట్లాడుకుంటా ఉంటారు. ఆ పిల్ల మళ్లా పడవ ఎక్కదు." నా చీరకు పట్టుకున్న గులాబీ ముల్లు తీసి పారేసింది. "నువ్వు ఊరికి పోతానని గలాటా చేసేది కింద నాకి వినపడతా ఉన్నిందమ్మా."

ఆమే మళ్లీ అడిగింది.

"పుస్తకంలో కూడా అంతే కదా? ఆ పిల్ల ఉండిపోతాది కదా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదు పిన్నీ. వెళ్లిపోతుంది."

ఆమె తల మీదికి కొంగు లాక్కుంది.

"అట్లయితే అది నాకి ఒద్దు," అంది. "ఇంకొకటి చెప్పు."