మా బావ అరిచిన కేక

మొన్న మా బావ కూతురి పెళ్ళి విజయవాడలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. అక్షింతలు వేసి వస్తుంటే మా పాత జట్టువాడొకడు బావ భుజం తట్టి, "ఏమండీ గోలీ గారూ, ఆ రోజు గోల్లో కునుకు తీశారు, ఇవాళైనా మెలకువగా ఉన్నారా?" అన్నాడు. అందరితోపాటు బావా నవ్వాడు. నా అరచేతిలో మిగిలిన అక్షింతలు మాత్రం చెమటకి అంటుకుపోయాయి.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఫుట్‌బాల్ లీగును పెద్దది చేస్తామని కొత్త ఊళ్ళకి జట్లు ఇచ్చినప్పుడు మన విజయవాడకీ ఒకటి వచ్చింది. వన్ టౌన్‌లో బట్టల వ్యాపారం చేసే ఒకాయన దాన్ని నడిపారు. చల్లపల్లి నుంచి వచ్చిన మా మేనత్త కొడుకు, అంటే ఈ బావే, గోల్‌కీపర్, అతని ముందు నేను డిఫెండర్ని. మా మైదానం నల్లరేగడి నేల, చినుకు పడితే బంతి ఎక్కడ జారుతుందో, ఎక్కడ అతుక్కుంటుందో తెలిసేది కాదు. అందుకే మాలో ఒక కట్టుబాటు ఉండేది: బావ "కీపర్!" అని అరిస్తే ఇంకెవరూ బంతి జోలికి పోకూడదు.

ఆఖరి మ్యాచ్ డ్రా అయినా చాలు, లీగులో నిలుస్తాం. పైగా బావ ఆట చూసి తీసుకుపోదామని కలకత్తాలోని ఒక పెద్ద జట్టు నుంచి ఇద్దరు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. పొద్దున వాన కురిసింది. ఇంకో నాలుగు నిమిషాలు గడిస్తే చాలనగా కుడివైపు నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. వెనక నుంచి "కీపర్!" అన్న కేక స్పష్టంగా వినిపించింది. కానీ ఆ ఇద్దరూ ఒక్కసారి నన్నూ చూస్తే బాగుండునన్న ఆశ ఏదో నన్ను పైకి ఎగరేసింది. బంతి నా తలకి తగిలి, ముందుకొచ్చిన బావ మీదుగా వెళ్ళి, ఖాళీ గోల్లో పడి, వలదాకా కూడా దొర్లకుండా బురదలో కూరుకుపోయింది.

మ్యాచ్ ఓడిపోయాక, బట్టలు మార్చుకునే డేరాలో కోచ్ గారు నన్నే అడిగారు. "నిజం చెప్పు. వాడు అరిచాడా, లేదా?"

"నాకేం వినపళ్ళేదు సార్."

బూటు లేసు విప్పుకుంటున్న బావ తలెత్తాడు. "వినపళ్ళేదా బామ్మర్దీ?" అన్నాడు. అంతే, మళ్ళీ తల దించుకున్నాడు. అతను స్నానం చేసి వచ్చేసరికి కలకత్తా వాళ్ళ కారు లేదు. లీగు నుంచి పడిపోయిన జట్టుని ఆ వ్యాపారి మూసేశారు. కొన్నాళ్ళకి లీగు కూడా కొత్త ఊళ్ళన్నిటినీ వదిలించుకుంది. బావ చల్లపల్లిలో ఎరువుల కొట్టు పెట్టుకుని, మళ్ళీ ఎప్పుడూ గోల్లో నిలబడలేదు.

పెళ్ళిలో భోజనాలయ్యాక బావని పక్కకి పిలిచి, ఆ రోజు విన్నానని చెప్పేశాను. అతనికి ఆశ్చర్యం కలగలేదు.

"నేను అరిచానని నాకు చెప్తావేంట్రా? అడిగినాయనకి చెప్పాల్సింది," అన్నాడు. తర్వాత కల్యాణమండపం పక్కనున్న పూలకుండీని చూపించి, "మన గోలు కుడి స్తంభం అక్కడే కదూ?" అన్నాడు.

అవును, ఆ హాలు కట్టింది మా మైదానంలోనే. ఇప్పుడక్కడ ఎంత వాన కురిసినా ఎవరి కాలికీ బురద అంటదు, అంతా పాలరాయి. అడిగిన కోచ్ గారు పోయి చాలాకాలమైంది. అందుకని ఆ రోజుల్లో గ్యాలరీలో కూర్చుని మా బావని తిట్టిన మీకు చెబుతున్నాను. అతను అరిచాడు. నేను విన్నాను.