అక్క రక్తపరీక్ష

డెబ్బైల చివర్లో నేను హైదరాబాదులో డిగ్రీ చదువుతూ డిబేటు పోటీలలో మాట్లాడేదాన్ని. ఒక వేసవి సెలవులకు జహీరాబాద్ వచ్చేసరికి అక్క తొలికాన్పుకని పుట్టింటికి చేరి ఉంది. ఏడో నెల. బావ బొంబాయి రోడ్డు మీద లారీ నడిపేవాడు. అక్కను సర్కారు దవాఖానకు తీసుకువెళ్ళే పని అమ్మ నాకు అప్పగించింది.

అక్కడి నర్సమ్మ అక్క రక్తం తీసి పరీక్షకు సంగారెడ్డికి పంపాలంది. ఎందుకని అడిగాను.

“సవాయి, గదే సుఖరోగం, ఉన్నదా అని సూస్తరు బిడ్డా. తల్లికుంటే కడుపుల పిల్లకు పాకుతది. ముందుగాల తెలిస్తే సూదులేస్తం, ఫికర్ లేదు.”

“మా అక్క మీద అనుమానమా? మొగోళ్ల రక్తమెందుకు తియ్యరు?”

“పట్కరా మీ బావను, ఆయనది గూడ తీస్త.”

వరుసలో కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. “పోరి వకీలు లెక్కున్నది” అంది ఒక ముసలామె. ఆ మెప్పు నా తలకెక్కింది. “అయితే ఇద్దరు కలిసే ఇస్తరు” అని, అప్పటికే చెయ్యి చాపిన అక్కను లేపి ఇంటికి తీసుకువచ్చాను.

నా ప్రశ్న న్యాయమైనదే. ఈనాటికీ అదే అంటాను. కాని దానిని అక్కకూ మందుకూ మధ్య అడ్డుగా నిలిపినది నేను.

ఇరవై రోజులకు బావ వచ్చాడు. మా ఇళ్ళలో మరదలు బావతో ఎంత వేళాకోళమైనా ఆడవచ్చు. నిజంగా అడగవలసిన మాట అడగరాదు. “అల్లుని ముంగట గా ముచ్చట తీస్తివా, నాలిక కోస్త” అని అమ్మ ముందే హెచ్చరించింది.

“ఏం మరదలా, పట్నంల మస్తు మాట్లాడుతవంట, ఇక్కడ నోరు లేస్తలేదు?” అన్నాడు బావ అన్నం ముందు కూర్చుని.

నేను నవ్వి, కోడికూర వడ్డించాను. మర్నాడు ఆయన లారీ వెళ్ళిపోయింది. అప్పుడైనా బావ లేకుండానే అక్కను దవాఖానకు తీసుకువెళ్ళి ఉండవచ్చు. నర్సమ్మ ముందు ఓడినట్లవుతుందని వెళ్ళలేదు.

ఎనిమిదో నెల నిండకుండానే కొడుకు పుట్టాడు. అరిచేతులకు, అరికాళ్ళకు తోలు ఊడుతోంది. ముక్కు మూసుకుపోయి పాలు తాగలేకపోయాడు. డాక్టరు అక్క రక్తం తీసి పంపించాడు. సంగారెడ్డి నుండి చీటీ రాకముందే, అయిదో రోజున బిడ్డ పోయాడు. చీటీ వచ్చాక, నర్సమ్మ చెప్పిన రోగమే అని తేలింది. డాక్టరు బావను పిలిపించి, గట్టిగా మందలించి, ఇద్దరికీ సూదులు వేశాడు.

రెండేళ్ళ తరువాత అక్క మళ్ళీ నెల తప్పింది. మూడో నెలలోనే బావను వెంటబెట్టుకుని పోయి ఇద్దరి రక్తమూ ఇచ్చి వచ్చిందట. ఆ సంగతి నాకు ఆడపిల్ల ఆరోగ్యంగా పుట్టిన తరువాతనే తెలిసింది.

“నాకెందుకు చెప్పలేదక్కా?”

“చెప్తే నువ్వు మల్ల వెంటొస్తవని భయపడ్డ.”

ఆమె గొంతులో కోపమేమీ లేదు. ఒడిలో పిల్ల లేస్తుందేమోనని మెల్లగా అంది, అంతే.