నలభై రోజుల టిక్కులు

మా ఆవిడకు మనసు బాగాలేక మాత్రలు మొదలైనప్పటి నుంచి, బడిలో మిగిలిపోయిన హాజరు పట్టీ ఒకటి ఇంట్లో వాడుతున్నాను. పిల్లల పేర్లు ఉండాల్సిన చోట మాత్ర, నిద్ర, తిండి, మనసు అని రాసుకున్నాను. మాత్రకు టిక్కు. మనసుకు పదికి ఇన్ని అని మార్కులు. మోతాదు మారిన రోజు కింద ఎర్ర గీత. చూసినవాళ్లు నా ఓపికను మెచ్చుకునేవారు. అది ఓపిక కాదు, భయం. ఒకసారి ఆమె మూడు నెలలు మంచం దిగలేదు. మళ్లీ అక్కడికే పోతుందేమోనని భయం.

పొద్దున ఏడున్నర బస్సు తప్పితే బద్వేలు నుంచి మా బడికి తొమ్మిది దాకా ఇంకోటి లేదు. ఆమె ముందు ఇడ్లీలు, మాత్ర, నీళ్లు పెట్టి, టిక్కు కొట్టి పరుగెత్తేవాడిని. ఇరవై ఏళ్లుగా పేర్లు పిలుస్తున్నవాడిని. తలెత్తి చూడకుండా టిక్కు పెట్టడం చేతికి అలవాటైపోయింది.

ఈ ఏడు ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు మొదలైనప్పుడు, నీకొద్దు, తిన్నాకే మాత్ర వేసుకోవాలి అని గట్టిగా చెప్పాను. సరేనంది. రెండో వారం నుంచి మార్కులు పడిపోయాయి. ఆరు, నాలుగు, మూడు. తల దువ్వుకోవడం కూడా మానేసింది. కడప తీసుకుపోయాను. డాక్టరు నా పట్టీ తిరగేసి, ఇంత శ్రద్ధగా ఎవరూ రాయరన్నాడు. రోజూ వేసుకుంటున్నా తగ్గలేదంటే మోతాదు చాలడం లేదని, యాభై మిల్లీగ్రాముల మాత్రను వంద చేశాడు. ఆ మెప్పుకు నేను పొంగిపోయాను కూడా, సిగ్గులేకుండా. వందకూ మార్కులు పెరగలేదు.

ఈస్టరు నాడు చర్చిలో ఆమె చేతులు వణుకుతుంటే, వాక్యం తీసిపెడదామని ఆమె బైబిలు జిప్పు కవరు నేనే తెరిచాను. మాత్రలు నా ఒళ్లోకి రాలాయి. యాభైవీ ఉన్నాయి, వందవీ ఉన్నాయి. అక్కడే అరవాలనిపించింది. ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకున్నాను.

ఇంటికొచ్చాక అడిగితే ఏదీ దాచలేదు. రోజూ సాయంత్రం దాకా పస్తు. ఇడ్లీలు పక్కింటి కోళ్లకు. ఆదివారాలు ఉపవాసం ఉండదు కాబట్టి, నేను ఇంట్లో ఉండే ఆ ఒక్క రోజూ నా ఎదుటే తిని, మాత్ర వేసుకునేది.

"తిన్నాకే ఏసుకోవల్ల అంటివి కదా. పొద్దున నేను తినకపోతి. ఇంగెట్ల ఏసుకునేది?"

మళ్లీ కడప పోవాలి. నా టిక్కులన్నీ అబద్ధాలని ఆ డాక్టరు ముందు ఒప్పుకోవాలి. మధ్యలో మానింది కాబట్టి మళ్లీ మొదటి మోతాదు ఇరవై ఐదు నుంచి ఎక్కాలి, ఎన్ని నెలలో. నీ ఆరోగ్యం కోసం దేవుణ్ణి అడగాలంటే మాత్రలు మానాలా అని విసుక్కున్నాను.

"నాకోసం ఎందుకు అడుగుతా? నీకోసమే పస్తుంటి. నాకు ఈ జబ్బొచ్చినప్పట్నుంచి నువ్వు నగింది నేను సూళ్లేదు. దినామూ నా మొగం సూసి మార్కులేస్తాండావు. నీ మొగం ఎవురు సూడాల?"

ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె లేచి, గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చి, నా పక్కన కూర్చుంది.